పొట్టుతో సహా

అక్క వచ్చి పైగదిలో దిగేదాకా బేకరీ ఆయన జీవితం సాఫీగానే సాగింది.

ఆమె బళ్లో సైన్సు టీచరుగా పనిచేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. అద్దెకుంటున్న ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకుంటానని యజమాని చెప్పడంతో, "బేకరీ మీద గది ఖాళీగానే ఉందిగా అక్కా, వచ్చెయ్" అని తమ్ముడే పిలిచాడు. ఆ మాట అన్నది తన నోరేనా అని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఆమె అతనికంటే పదేళ్లు పెద్దది. చిన్నప్పుడు ఇంట్లో అక్క, బళ్లో టీచరు. పిల్లవాడికి తప్పించుకునే చోటు లేకపోయింది. మీసాలు నెరిసినా, చేతికింద రెండు ఓవెన్లు ఉన్నా, ఆమె "ఒరే" అంటే ఇప్పటికీ అతని చేతులు వాటంతటవే వెనక్కి కట్టుకుంటాయి.

వచ్చిన రోజు సామాను పైకి ఎక్కుతుండగా ఆమె కొట్టులో ఆగింది. అరలో ఉన్న తెల్ల బ్రెడ్డు ఒకటి తీసి బొటనవేలితో నొక్కింది. దూదిలా లోపలికి పోయి మళ్లీ పైకి లేచింది.

"ఒరే, ఇందులో ఏముంది?"

"బ్రెడ్డక్కా."

"అది కనిపిస్తూనే ఉంది. ఏం వేశావు అంటున్నా."

"మైదా, ఈస్టు, ఉప్పు, కాస్త చక్కెర, నూనె."

"మైదాలో ఏముంది?"

కౌంటరు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. బేకరీ ఆయన పాఠం చదవకుండా బడికొచ్చిన పిల్లాడిలా భార్య వైపు చూశాడు. ఆమె చిల్లర సర్దుకోవడంలో మునిగిపోయింది.

"తెలీదు కదూ," అంది అక్క, నలుగురి వైపూ తిరిగి. "గోధుమగింజలో మూడు భాగాలుంటాయి. పైన పొట్టు. పీచంతా అందులోనే. ఒక కొసన మొలక. మంచి కొవ్వూ, విటమిన్లూ అక్కడ. తక్కినదంతా తెల్లపిండి. మొలక పెరిగేటప్పుడు తినడానికి గింజ దాచుకున్న సద్ది అన్నమాట. మిల్లులో పొట్టూ, మొలకా తీసి పశువుల దాణాకి పంపుతారు. మిగిలిన సద్ది మావాడు మీకు అమ్ముతాడు. అంటే మీకంటే పశువే నయమైన తిండి తింటోంది."

బ్రెడ్డు చేత్తో పట్టుకున్న ఒకాయన దాన్ని మెల్లిగా అరలో పెట్టేసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం భార్య అడిగింది. "మీ అక్క రోజూ ఇలాగే కిందికి దిగుతారా?"

"కొత్త కదా. రెండ్రోజులు పోతే అలవాటు పడుతుంది," అన్నాడు ఆయన.

అలవాటు పడింది. కౌంటరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడానికి అలవాటు పడింది. పిల్లలకి బన్నులు కొనడానికి వచ్చిన తల్లుల్ని కూర్చోబెట్టి పీచు గురించి చెప్పడానికి, వేరే కొట్లో బ్రౌను బ్రెడ్డు కొన్నానని గొప్పగా చెప్పుకున్న పోస్టుమాన్‌కి ఆ రంగు మాడబెట్టిన చక్కెరది కావచ్చని, పొట్లం మీద రాసింది చదువుకోమని చెప్పడానికి అలవాటు పడింది. చెప్పేవన్నీ నిజాలే. అదే అసలు చిక్కు. అబద్ధాలైతే అతను ఎప్పుడో నోరు మూయించేవాడు.

చెవిలో జోరీగ పోరు పడలేక ఆయన ఓ రోజు పొట్టుతో సహా మరపట్టిన గోధుమపిండి ఒక బస్తా తెప్పించాడు. మైదాతో కలిపినట్టే కలిపి, అచ్చుల్లో వేసి కాల్చాడు. ఓవెన్ తలుపు తీసి చూస్తే వరసగా ఇటుకలు ఉన్నాయి. ఒకటి కత్తితో కోయబోతే కత్తే వంగింది.

"పిండి మంచిదే, నీ చేతే మంచిది కాదు," అంది అక్క, ఇటుక ముక్కని పళ్లతో లాగి నములుతూ.

ఇంతకాలం ఊళ్లో సగం మందికి బ్రెడ్డు పెట్టినవాడికి ఆ మాట గుండెలో గుచ్చుకుంది. మర్నాడూ చేశాడు, ఆ మర్నాడూ చేశాడు. చేసినకొద్దీ తెలిసొచ్చింది. పొట్టు ముక్కల అంచులు పదునుగా ఉండి పిండిలోని జిగురు తీగల్ని తెంపేస్తాయి. తీగ తెగితే గాలి నిలవదు, గాలి నిలవకపోతే బ్రెడ్డు పొంగదు. నీళ్లు ఎక్కువ పోసి, కలిపిన పిండిని కదపకుండా కాసేపు వదిలేస్తే పొట్టు నానుతుంది, మెత్తబడుతుంది. అప్పుడు పిసకాలి. అంతా తెలిసేసరికి పాడైన బ్రెడ్డంతా అక్కే తింది. ఒక్క ముక్క పారెయ్యనివ్వలేదు.

చివరికి ఒక బ్రెడ్డు పొంగింది. మైదా అంత ఎత్తు రాలేదు గాని, కోస్తే కమ్మటి వాసన వచ్చింది. అక్క ఒక ముక్క నోట్లో వేసుకుని, మార్కులు వేసేముందు పంతులమ్మ చూసే చూపు చూసి, "పాసయ్యావు," అంది.

కొనేవాళ్లు మెల్లిగా వచ్చారు. అందరికంటే ముందు రిటైరైన బస్సు డ్రైవరు వచ్చాడు. ఆయనకి చక్కెర జబ్బు ఉంది, పైగా జీవితమంతా సీట్లో కూర్చున్న మనిషి, మలబద్ధకం. "డ్రైవరుగారూ, ఇదీ చక్కెర పెంచుతుంది. కాకపోతే మైదా అంత గబగబా కాదు. రెండు ముక్కలకి మించి తినకండి. నీళ్లు బాగా తాగండి, పీచు నీళ్లు లేకపోతే పనిచెయ్యదు," అంది అక్క. కొన్ని వారాల తర్వాత ఆయన కౌంటరు మీదికి వంగి, ఆడవాళ్లున్నారని గొంతు తగ్గించి, బేకరీ ఆయన చెవిలో, "బండి రైటు టైముకి బయల్దేరుతోంది," అన్నాడు.

ఆ రోజు బేకరీ ఆయనకి అక్క మీద మొదటిసారిగా ప్రేమలాంటిది పుట్టుకొచ్చింది. అదీ ఎక్కువసేపు నిలవలేదు.

ఎందుకంటే ఊరందరికీ ఒళ్లు బాగుపడుతుంటే అక్క ఒళ్లు మాత్రం కరిగిపోతోంది. వచ్చినప్పుడు నిండుగా ఉన్న మనిషి, జాకెట్టు చేతులు వదులై వేలాడుతున్నాయి. మెట్లు ఎక్కేటప్పుడు మధ్యలో ఆగి గోడ పట్టుకుంటోంది. నోట్లో పుళ్లు. పొట్ట ఉబ్బి డోలులా ఉండేది, తిన్నది ఒంటికి పట్టేలోపే బయటికి పోయేది.

"వదినా, ఒకసారి డాక్టరుకి చూపించుకుందాం," అంది బేకరీ ఆయన భార్య.

"నీరసమే అమ్మాయ్. రక్తం తక్కువైనట్టుంది. గోధుమలో ఐరన్ ఉంది, సరిపడా తినడం లేదు, అంతే."

అప్పటికే ఆమె పొద్దున పాలలో పొట్టు కలుపుకుని తాగేది, మధ్యాహ్నం గోధుమరవ్వ ఉడకబెట్టుకునేది, రాత్రి తమ్ముడి బ్రెడ్డు. ఇప్పుడు సాయంత్రం నానబెట్టిన గోధుమలు గుప్పెడు మొదలుపెట్టింది. నీరసం పెరిగితే గుప్పెడు రెండు గుప్పెళ్లయింది.

"అక్కా, తింటున్నకొద్దీ తగ్గిపోతున్నావు. నీకు అనుమానం రావడం లేదా?"

"సైన్సు నాకు చెప్తావా? నీకు సైన్సులో ఎన్ని మార్కులొచ్చాయో నాకు గుర్తుంది."

ఇక మాట్లాడేదేముంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. భర్త చెప్పి విసిగాడు, భార్య చెప్పి విసిగింది, చివరికి డ్రైవరుగారు కూడా చెప్పి, చీవాట్లు తిని, బ్రెడ్డు మర్చిపోయి ఇంటికెళ్లాడు.

ఒక పొద్దున అక్క ఎవరికో పొట్టు గొప్పతనం చెబుతూ చెబుతూ, "ఇందులో ఉన్న బలం..." అని ఆగి, కుర్చీలోంచి ముందుకి ఒరిగిపోయింది. ఆమెతోపాటు బన్నుల పళ్లెం కూడా నేల మీద పడింది. బేకరీ ఆయన ఎత్తుకుంటే పిండి బస్తా మోసే చేతులకి ఆమె బరువే తెలియలేదు. అప్పుడు భయం వేసింది అతనికి.

ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. డాక్టరమ్మ వయసులో చిన్నది. ఏం తింటారని అడిగింది. అక్క ఓపిక లేకపోయినా పరుపు మీదే లేచి కూర్చుని, పొద్దున పొట్టు మొదలుకుని చెప్పింది, మధ్యలో మూడు భాగాల పాఠం కూడా చెప్పింది. డాక్టరమ్మ మొత్తం విని, రక్తపరీక్ష ఒకటి రాసింది. ఆ తర్వాత గొంతులోంచి గొట్టం వేసి చిన్నపేగు లోపల చూడాలంది.

ఫలితాలొచ్చిన రోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

"పేగు లోపల తువాలు మీద నూలుపోగుల్లా సన్నటివి లేచి ఉంటాయమ్మా. తిండిలో సారం పీల్చేది అవే. మీకవి అరిగి చదునైపోయాయి. గోధుమలో గ్లూటెన్ అని జిగురు ఉంటుంది. అది లోపలికి వెళ్తే మీ ఒళ్లు దాన్ని శత్రువనుకుని యుద్ధం చేస్తోంది. ఆ యుద్ధంలో మీ పేగే దెబ్బతింటోంది. దీన్ని సీలియాక్ అంటారు."

"గోధుమ వల్లా?" అంది అక్క.

"గోధుమ, బార్లీ, ఆ జాతివి. ఇవాళ్టి నుంచి పూర్తిగా మానెయ్యాలి. ఒక్క ముక్క కూడా వద్దు."

అక్క నెమ్మదిగా అడిగింది. "అంటే నేను ఇన్నేళ్లూ పిల్లలకి చెప్పిందంతా అబద్ధమేనా?"

"కాదమ్మా. మీరు చెప్పింది నిజమే. వందమందిలో తొంభైతొమ్మిది మందికి అది మంచి తిండే. మీరు ఆ మిగిలిన ఒక్కరు."

ఇంటికొచ్చాక అక్క పైగదిలో తలుపేసుకుంది. కుర్చీ కౌంటరు పక్కన ఖాళీగా ఉంది. భార్య అన్నం వండి, వేరే గిన్నెల్లో పైకి పంపేది. కొట్టు నిశ్శబ్దంగా ఉంది. ఎవరూ ఎవరికీ పాఠాలు చెప్పడం లేదు. హమ్మయ్య అనుకున్నాడు బేకరీ ఆయన. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా మళ్లీ అనుకున్నాడు.

వారం తిరక్కుండానే ఆమె కిందికి దిగింది. కుర్చీలో కూర్చుంది. మొదట వచ్చిన తల్లితో, "పిల్లలకి ఈ విషం పెట్టకమ్మా," అంది.

బేకరీ ఆయన లోపల పిండి తూస్తున్నవాడు తూయడం ఆపాడు.

నిన్నటిదాకా అమృతమైన గోధుమ ఆవేళ్టి నుంచి విషమైపోయింది. తెల్లదీ విషమే, పొట్టుతో చేసిన ముడిదీ విషమే, బన్నూ విషమే. "పేగులు అరిగిపోతాయి, నన్ను చూడు," అని చేతులు చూపించేది. ఎముకల మీద చర్మం వేలాడే ఆ చేతులు చూశాక ఇక ఎవరు కొంటారు? మైదా కొనేవాళ్లు ఎలాగూ బెదిరిపోయి ఉన్నారు, ముడి గోధుమ కొనేవాళ్లు ఇప్పుడు బెదిరారు. బేకరీ ఆయనకి ముందు నుయ్యి వెనక గొయ్యి. జబ్బు మనిషి, పైగా అక్క, పైగా టీచరు. ఏమనగలడు? లోపలికెళ్లి పిండిని కావలసినదానికంటే గట్టిగా పిసికేవాడు.

భార్య మాత్రం ఊరుకోలేదు. "మీరు చెప్తారా, నేను చెప్పనా?" అంది.

"నేనే చెప్తా."

"ఎప్పుడు?"

ఆయన పిండి పిసకడానికి లోపలికి వెళ్లిపోయాడు.

చెప్పించింది డ్రైవరుగారి భార్య. ఒక ఉదయం ఆవిడ సంచీ కూడా లేకుండా వచ్చి కౌంటరు ముందు నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. "టీచరమ్మగారూ, మా ఆయన మీ మాట విని బ్రెడ్డు మానేశాడు. మళ్లీ పాత బాధే. పొద్దున గంటసేపు లోపలే కూర్చుంటున్నాడు, వచ్చి నా మీద అరుస్తున్నాడు. తినమన్నదీ మీరే, వద్దన్నదీ మీరే. ఇంతకీ తినాలా, మానాలా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి, నా ప్రాణం పోతోంది."

"మానాలి," అంది అక్క.

"తినాలి," అన్నాడు బేకరీ ఆయన.

మోచేతులదాకా పిండితో బయటికొచ్చి నిలబడి ఉన్నాడు. భార్య చిల్లర లెక్క ఆపి చూసింది. అతను అక్కకి ఎదురు చెప్పడం పెళ్లయ్యాక ఆమె చూడటం అదే మొదలు.

"ఏమన్నావు?" అంది అక్క.

"తినాలి అన్నాను. గింజలో మూడు భాగాలు. పైన పొట్టు, అందులో పీచు. డ్రైవరుగారికి కావలసింది అదే. కొసన మొలక, అందులో మంచి కొవ్వు, బి విటమిన్లు. పొట్టులో ఐరన్, మెగ్నీషియం. మాంసకృత్తులు కూడా ఉన్నాయి, పప్పుతో కలిపి తింటే ఇంకా మంచిది. రెండు ముక్కలు, బాగా నీళ్లు. ఇదంతా నాకు ఎవరు చెప్పారక్కా? నేను చదివానా? నువ్వు పొద్దస్తమానం నా చెవిలో పోస్తే ఎక్కింది. ఇప్పుడు తీసెయ్యమంటే నేను తీసెయ్యలేను."

"మొలకలో విటమిన్ ఇ వదిలేశావు," అంది అక్క. నోరు తనంతట తనే అనేసింది.

"ఆఁ, అది కూడా ఉంది. నీకు పడకపోతే గోధుమ చెడ్డదైపోయిందా? నాకు లెక్కలు పడలేదు. లెక్కలు చెడ్డవా?"

"నీకు లెక్కలు పడకపోవడం కాదు, నువ్వు చదవలేదు."

డ్రైవరుగారి భార్య అటూ ఇటూ చూసి, "అయితే తినమనే కదా," అని, కౌంటరు మీద ఉన్న ముడి బ్రెడ్డు ఒకటి తీసుకుని, ఈ అక్కాతమ్ముళ్ల మధ్య ఇంకా నిలబడితే మళ్లీ ఏమంటారో అన్నట్టు గబగబా వెళ్లిపోయింది.

అక్క కుర్చీ చేతిని గోకుతూ కూర్చుంది. కాసేపటికి ఆమె గొంతు మారింది.

"నన్ను లోపల్నుంచి అది తినేస్తుంటే, నేనిక్కడ కూర్చుని దాని గొప్పలు చెప్పుకున్నానురా. డాక్టరుకి చూపించుకోమని మీరంతా అంటుంటే ఇంకో గుప్పెడు తిన్నాను. ఊళ్లోవాళ్ల మొహం ఎలా చూడను? విషం అంటే కనీసం నాది తప్పు కాదనుకుంటారు, దానిదే తప్పనుకుంటారు."

బేకరీ ఆయన పిండి చేతులతోనే ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది. ఆ పిండి ఆమెకి పడదని అప్పుడు గుర్తొచ్చి, చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

ఆ రోజు నుంచి ఆమె విషం అనడం మానేసింది. కాని ఒళ్లు బాగుపడలేదు. గోధుమ ముట్టడం లేదు, గిన్నెలు వేరు, పొయ్యి వేరు, అయినా పొట్ట ఉబ్బరం తగ్గలేదు. నీరసం అలాగే ఉంది. దొంగతనంగా తింటోందేమో అని భార్యకి అనుమానం వచ్చి, ఒక మధ్యాహ్నం పైకెళ్లి గది అంతా వెతికింది. తినేవేవీ కనిపించలేదు. కిటికీ మూసి చెయ్యి తీస్తే అరచెయ్యి తెల్లగా ఉంది. మంచినీళ్ల బిందె మూత మీద వేలితో గీస్తే గీత పడింది. మంచం తల దగ్గర, బోర్లించిన కంచం మీద, దువ్వెన పళ్ల మధ్య, అంతటా అదే. కింద పిండి జల్లించినప్పుడల్లా మెట్ల మీదుగా పైకి లేచి, గదిలో మెల్లిగా దిగుతోంది.

డాక్టరమ్మకి చెబితే కలం కింద పెట్టేసింది. "బేకరీ మీద ఉంటున్నారా? ఆ మాట ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే," అంది. ఆ పిండి గాలిలోంచి నోట్లోకి పోతుందనీ, ఇల్లు మారితే తప్ప పేగు మానదనీ చెప్పింది.

ఇంటికొచ్చాక అక్కే మొదలుపెట్టింది. "పంపేస్తారన్నమాట."

"నేను ఓవెన్లు మూసేస్తానక్కా," అన్నాడు తమ్ముడు. మూసేస్తే ఏం చేస్తాడో అతనికే తెలియదు.

"మూస్తే ఏం తింటారు, పొట్టా?"

భార్య ఇద్దర్నీ విసుగ్గా చూసింది. పిండి దులిపీ దులిపీ ఆమె చేతులు పడిపోయి ఉన్నాయి. "వదినా, ఎవరూ మిమ్మల్ని పంపడం లేదు. ఎదురుగా దర్జీ కొట్టు మీద గది ఖాళీగా ఉంది, ఆ పిండి చూసినప్పుడే అనుమానం వచ్చి పొద్దున్నే అడిగొచ్చాను. రోడ్డు దాటాలి, అంతే. మీరు అలగడం, ఈయన ఏడవడం అయ్యాక చెబితే సామాను సర్దుతాను."

అలకా ఏడుపూ రెండూ కాసేపు జరిగాయి. మర్నాడు సామాను రోడ్డు దాటింది.

ఆ గదికి వెళ్లిన కొన్నాళ్లకే అక్క పొట్ట చదునైంది. కొన్ని నెలలకి జాకెట్టు చేతులు మళ్లీ బిగుసుకున్నాయి. దర్జీయే వాటిని వదులు చేసి ఇచ్చాడు. తమ్ముడు ఆమెను చూడాలంటే మాత్రం తంటానే. పని అయ్యాక తలస్నానం చేసి, ఉతికిన బట్టలు వేసుకుని వెళ్లినా, గుమ్మం దగ్గర నిలబెట్టి గోళ్లు చూసేది. "చిటికెన వేలు. వెళ్లి కడుక్కురా," అనేది. అతను మెట్లు దిగి, రోడ్డు దాటి, కడుక్కుని, మళ్లీ రోడ్డు దాటేవాడు.

బేకరీలో ప్రశాంతంగా ఉంటుందనుకున్నాడు. కాని అక్క కుర్చీ దర్జీ కొట్టు అరుగు మీదికి వచ్చింది. కొనడానికి వచ్చేవాళ్లు ముందు అటువైపు ఆగడం మొదలుపెట్టారు. అక్కడ ఆమె పాఠం కొంత మార్చి చెప్పేది. మూడు భాగాలు అలాగే ఉన్నాయి, పొట్టు పొట్టే, మొలక మొలకే. చివర కొత్తగా ఒక మాట చేర్చింది. "ఇది అందరికీ మంచిదే, ఎవరో ఒకరికి తప్ప. ఆ ఒకరు మీరేమో తెలుసుకోండి."

ఒకరోజు పాలిపోయిన పాపను వెంటపెట్టుకుని ఒక తల్లి వచ్చింది. బేకరీ ఆయన గుమ్మంలోంచి చూస్తున్నాడు. పాప పొట్ట ఉబ్బి ఉంది, కాళ్లు పుల్లల్లా ఉన్నాయి. అక్క ఆ తల్లితో చాలాసేపు మాట్లాడింది. ఆ తల్లి ఇటు రాకుండా వెనక్కి వెళ్లిపోతోంది.

"ఏం చెప్పావక్కా?" అని రోడ్డు ఇవతల్నుంచి అరిచాడు. పిండి బట్టలతో దాటడానికి లేదు.

"డాక్టరు దగ్గరికి వెళ్లమన్నా," అని ఆమె అవతల్నుంచి అరిచింది. మధ్యలో బండ్లు పోతున్నాయి. "పరీక్ష అయ్యేదాకా గోధుమ మాన్పించొద్దని కూడా చెప్పా. ముందే మానేస్తే పరీక్షలో తేలదు."

"కొనడానికి వచ్చినవాళ్లని పంపించేస్తే నేను ఎవరికి అమ్మను?"

"పాపకి బాగైతే వస్తారు. లేకపోతే రారు. నీకెందుకురా తొందర?"

అతను తల పట్టుకున్నాడు. పట్టుకున్నాక జుట్టుకి పిండి అంటిందని గుర్తొచ్చింది. ఈ సాయంత్రం రెండుసార్లు స్నానం.

"ఒరే," అంది అక్క మళ్లీ, ముక్కు పైకెత్తి. "ఇక్కడిదాకా వాసనొస్తోంది. నీ బ్రెడ్డు మాడుతోంది."

అతను లోపలికి పరిగెత్తాడు. మాడిన మాట నిజమే. భార్య అప్పటికే ఓవెన్ తలుపు తీసి, ఒక్కో అచ్చూ బయటికి లాగి బల్ల మీద పెడుతోంది. భర్త మొహం వైపు చూడకుండా కత్తి అందుకుని, బ్రెడ్ల అడుగున మాడు గీకడం మొదలుపెట్టింది.